కట్ట కింది తాత కాడికి మా పిల్లలు పోతున్నరు
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఊరి బయట ఒంటరిగా బతికే మనిషి, ఆ మనిషంటే ఊరందరికీ భయం, ఆ భయం తెలిసి కూడా చెలిమి చేసిన పిల్లలు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సంగతి ఇదే. ఒక తీరు ప్రశ్నలను కలిపి, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు తీసేసి ఇస్తున్నాం. పిల్లల భద్రత, వైద్యం, పశువైద్యం, చట్టం తెలిసినవాళ్లు కూర్చొని రాసిన జవాబులివి.

ప్రశ్న: మా బిడ్డ ఆరో తరగతి, కొడుకు నాలుగు. బతుకమ్మకు గునుగుపువ్వు కోసుకొస్తమని దోస్తులతోని చెరువు కట్ట కిందికి పోయి, ఆడ గుడిసెల ఉండే ముసలాయనతో మాట కలిపిన్రు. అప్పటిసంది బడి ఇడువంగనే అటే పోతున్నరని మొన్న తెలిసింది. ఆయనకు మంత్రాలు వస్తయని ఊరంతా అంటది. మా అత్తమ్మ పిల్లలకు తాయెత్తు కట్టించింది. మా ఆయన కాళ్లు విరగ్గొడ్తనంటుండు. నేనేం చేయాలె?
– ఒక తల్లి, నర్సంపేట దగ్గరి పల్లె

జవాబు: కాళ్లు విరగ్గొడతానంటే పిల్లలు పోవడం మానరమ్మా, మీకు చెప్పడం మానేస్తారు. ఇప్పుడు వాళ్లు ఎక్కడికి పోతున్నారో, ఎందరు పోతున్నారో మీకు తెలుసు. ఆ తెలియడం పోగొట్టుకోకండి.

రెండు రోజుల్లో మీరే ఒకసారి వెళ్లి రండి. పొద్దున పూట, ఇంకో ఆడమనిషిని తోడు తీసుకొని వెళ్లండి. నలుగురైదుగురు మగవాళ్లు గుడిసె ముందు నిలబడితే కొట్టడానికొచ్చారనే ఆయన అనుకుంటాడు. "మా పిల్లలు మీ కాడికి వస్తున్నరట తాతా, చూసిపోదామని వచ్చినం" అంటే చాలు. మంత్రాల మాట ఎత్తకండి. కాసేపు కూర్చోండి. ఆయన పిల్లల పేర్లు చెప్పగలుగుతున్నాడా, మీరు అడిగినదానికి అడ్డం దాచకుండా మాట్లాడుతున్నాడా, మీరు వచ్చినందుకు ఇబ్బంది పడుతున్నాడా, ఊరట పడుతున్నాడా, ఇవి గమనించండి.

పోయేటప్పుడు, వచ్చేటప్పుడు దారి మీద కన్నుంచండి. మా లెక్కన గుడిసెలో మనిషి కన్నా గుడిసెకు పోయే దారే పిల్లలకు ఎక్కువ గండం. అడవిపందుల కోసం చేన్ల చుట్టూ పెట్టే కరెంటు తీగలు, ఒర లేని పాత బావులు, మట్టి తీయడానికి చెరువులో జేసీబీతో తవ్విన గుంతలు ఉంటాయి. వానకాలంలో ఆ గుంతలు నీళ్లతో నిండిపోయి పైకి మోకాటి లోతులా కనబడతాయి, లోపల నిలువెత్తు ఉంటుంది. పిల్లలు ఏ బాటన పోవాలో మీరు నడిచి చూపించండి. పత్తికి మందు కొట్టే రోజుల్లో చేను గట్ల మీదుగా పోనివ్వకండి. గుడిసె దగ్గర నీళ్లు దేంట్లో పోసి పెట్టాడో కూడా చూడండి. ఒంటరిగా ఉండేవాళ్లు పాత పురుగుమందు డబ్బాలు కడిగి నీళ్లకు వాడటం మామూలు. ఎన్నిసార్లు కడిగినా ప్లాస్టిక్ పీల్చుకున్న మందు పూర్తిగా పోదు. ఒక ప్లాస్టిక్ బిందె కొనిచ్చి ఆ డబ్బా అక్కడి నుంచి తీయించేస్తే ఆయనకూ మంచిదే. పిల్లలు మాత్రం ఇంటి నుంచి సీసాలో నీళ్లు తీసుకుపోవాలి. సీతాఫలం, రేగుపండ్లలాంటివి ఇస్తే తినొచ్చు. వండిన కూర, కల్లు, ఆకులో కట్టిన పొడులు వద్దు.

ఇక పిల్లలకు చెప్పాల్సినవి. ముగ్గురికి తక్కువైతే పోవద్దు. పోయే ముందు ఇంట్లో చెప్పాలి. గుడిసె ముందర, చెట్టు కింద, నలుగురికీ కనబడే చోట కూర్చోవాలి, లోపలికి పోవద్దు. దసరా దాటాక పొద్దు తొందరగా గూకుతుంది కాబట్టి ఐదింటికల్లా తిరుగుముఖం పట్టాలి. "ఇంట్లో చెప్పకు" అని ఎవరన్నా సరే, ఆ రోజే ఇంట్లో చెప్పాలి. ఒంటి మీద చెయ్యి వేసే విషయమైనా అంతే. ఈ మాట తాత కోసమే చెబుతున్నట్టు చెప్పకండి. మేనమామైనా, ట్యూషన్ సారైనా, పక్కింటి అన్నైనా ఇదే నియమం అనండి. పిల్లలకు చెరుపు చేసేవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో తిరిగేవాళ్లు, ముఖం తెలిసినవాళ్లే. ఊరంతా ఒక్క ముసలాయన వైపే చూస్తుంటే వాళ్ల మీదికి ఎవరి చూపూ పోదు.

సాయంత్రం పిల్లలను "ఆయన ఏం చేసిండు" అని గుచ్చి గుచ్చి అడిగితే నోరు మూసుకుంటారు. "ఇయ్యాల ఏం ముచ్చట చెప్పిండు" అని అడగండి, అన్నం తింటూ అదే చెబుతారు. ఒక్క పిల్లనో పిల్లగాణ్నో వేరుగా పిలవడం, పైసలివ్వడం, ఫోన్లో ఏవో చూపించడం, బీడీలకో కల్లుకో పంపడం కనబడితే ఆ రోజుతో ఆపేయండి. ఒంటి మీద చెయ్యి వేసిన సంగతైతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, లేదా నేరుగా ఠాణాకు పోండి. పిల్లల మీద లైంగిక నేరాలను ఆపే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అలాంటి సంగతి తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. పెద్దమనుషులు మాట్లాడి సర్దేసే విషయం కాదు.

గుడిసె దగ్గర కుక్క ఉంటుంది, తప్పకుండా ఉంటుంది. అది తినేటప్పుడు, పిల్లలకు పాలిచ్చేటప్పుడు దగ్గరికి పోవద్దని చెప్పండి. కరిచినా, గోరు గీరినా ముందు పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. వెంటనే సర్కారు దవాఖానకు తీసుకుపోతే సూదిమందు మొదలుపెడతారు, ఆ రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. మధ్యలో మానేయొద్దు.

తాయెత్తు మీద అత్తమ్మతో పోట్లాట వద్దు. వీలైతే రెండోసారి ఆమెనే వెంట తీసుకుపోండి. ఆమె వయసువాళ్లకు ఆ తాత ఎవరి కొడుకో, ఊరి నుంచి బయటికి ఎందుకు పోయాడో తెలిసే ఉంటుంది. చాలా ఊళ్లలో ఆ కథ అన్నదమ్ముల భూతగాదాతోనో, ఇంట్లో వరుసగా జరిగిన చావులతోనో మొదలవుతుంది. మంత్రాల మాట తర్వాత వచ్చి చేరుతుంది.

ప్రశ్న: మేము ఐదుగురం ఏడో తరగతి. గుట్ట కింద ఒక అవ్వ ఒక్కతే ఉంటది. అందరు మంత్రాలామె అంటరు. మేము తడక సందులకెళ్లి చూస్తే కట్టె పట్టుకొని ఉరికొచ్చింది. కానీ మాకు ఆమెతోని మాట్లాడాలని ఉంది. ఎట్ల మాట్లాడాలె?
– ఐదుగురు దోస్తులు, హుస్నాబాద్ వైపు నుంచి

జవాబు: పిల్లలూ, మీ ఇంటి తడక సందుల్లోంచి ఎవరన్నా తొంగిచూస్తే మీ అమ్మ ఏం చేస్తుంది? అవ్వ చేసింది కూడా అదే. ఇంతకు ముందు అట్లా తొంగిచూసినవాళ్లు రాళ్లు విసిరి ఉంటారు. మీరు ఆ రాళ్ల పిల్లలు కాదని ఆమెకు ఎట్లా తెలియాలె?

ముందు ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి. ఒక్కరైనా సరేనన్నాకే పోండి. ఐదుగురూ ఒకేసారి పోకండి, ముగ్గురు చాలు. తడకకు పది అడుగుల దూరంలో, దారి మీద నిలబడి "అవ్వా, మేము ఫలానావాళ్ల పిల్లలం" అని పెద్దగా పిలవండి. ముసలివాళ్లకు చెవులు తక్కువ వినబడతాయి, ఒక్కసారి పిలిస్తే సరిపోదు. ఇంకో సంగతి. కండ్లల్లో శుక్లాలు వచ్చినవాళ్లకు ఎండకు అడ్డంగా నిలబడ్డ మనిషి నల్లటి ఆకారంలా కనబడతాడు. పొద్దున తూర్పు నుంచి వచ్చేవాళ్లను చూసి భయపడేది అందుకే. ఎండ మీ ముఖాల మీద పడేటట్టు నిలబడండి. చేతులు ఖాళీగా, కనబడేటట్టు పెట్టుకోండి. వెనకనుంచి పోవద్దు.

పొమ్మంటే పోండి. ఎందుకని అడగొద్దు. రెండు మూడు రోజులాగి మళ్లీ పోయి, పిలిచి, నిలబడి, అయిదు నిమిషాల్లో వచ్చేయండి. మూడోసారో నాలుగోసారో ఆమే "ఎవరి బిడ్డవు" అని అడుగుతుంది. తల్లి పేరు, తాత పేరు చెప్పండి. పల్లెల్లో మాట అక్కడి నుంచే కలుస్తుంది. ఎప్పటికీ అడగకపోతే అది కూడా ఆమె ఇష్టమే. ఒంటరిగా ఉండాలనుకునే మనిషిని ఉండనివ్వాలె.

మాట కలిస్తే "నీకు మంత్రాలొస్తయా" అని అడగకండి. ఆమె చేతిలో ఏ పని ఉందో చూసి ఆ పని గురించి అడగండి. ఎండాకాలం తునికాకు కోసి కట్టలు కడుతుంది, కట్టకు 50 ఆకులు. లెక్క పెట్టడానికి మీ కండ్లు, వేళ్లు పనికొస్తాయి. మోదుగాకు ఇస్తర్లు కుడుతుంటే నేర్పించమనండి. ఆ పని చూస్తే సులువు, చేస్తే తెలుస్తుంది. మోదుగకు ఒక కాడకు మూడాకులుంటాయి కదా, మధ్య ఆకు పెద్దది, దాన్ని ఇస్తరి నడుమ పెడతారు. కోసిన ఆకును వెంటనే కుట్టొద్దు. పచ్చి ఆకు ఎండేకొద్దీ ముడుచుకుపోయి కుట్ల దగ్గర సందులు పడతాయి, చారు పోస్తే కిందికి కారుతుంది. బాగా ఎండినదాన్ని కుడితే పుల్ల గుచ్చినచోట పగులుతుంది. నీడలో ఒక పూట వాడ్చిన ఆకు మెత్తగా వంగుతుంది, చిరగదు. నునుపు ముఖం పైకి ఉండాలె. చుట్టూ అయిదారు ఆకులు, ఒకదాని మీద ఒకటి రెండు వేళ్ల మందం ఎక్కేటట్టు పేర్చి, వెదురు చీల్చిన సన్నటి పుల్లతో పైనుంచి కిందికి, కిందినుంచి పైకి గుచ్చి, మిగిలిన ముక్క విరిచేయాలి. మీ పుల్ల మొన మొదట్లో అడ్డంగా చీలుతుంది. మీరు గట్టిగా నొక్కుతున్నారన్నమాట. అవ్వ చేతులు చూడండి, ఆమె నొక్కదు, పుల్లను కొంచెం తిప్పుతుంది. కుట్టినవాటిని దొంతిగా పెట్టి పైన రాయి ఉంచితే తెల్లారేసరికి చదునుగా అవుతాయి.

ఆమె సామాను ముట్టుకోవద్దు. ఫొటోలు, వీడియోలు అసలే వద్దు. ఒక వీడియో ఊరి గ్రూపులో పడితే దాని కింద ఎవరేం రాస్తారో మీ చేతిలో ఉండదు. మీ తరగతిలో ఎవరన్నా రాళ్లు విసురుదామంటే మేము రామని చెప్పి సారుకు చెప్పండి.

ప్రశ్న: తొలకరి పడ్డ వారంలో మా ఆరు గొర్రెలు ఒక్క రోజులో సచ్చిపోయినయి. సాయంత్రం దాక మంచిగ మేసినయి. ఆ ముందు రోజు మా పిల్లలు ఊరవతల ఉండే ముసలామెకు పాలు ఇచ్చి వచ్చిన్రు. ఆమె చూపు తగిలిందని, ఊరు ఇడిపించాలని కులపోళ్లు కూర్చుంటున్నరు. పిల్లలు ఏడుస్తున్నరు. నాకేం తోస్తలేదు.
– ఒక గొర్రెల కాపరి, భూపాలపల్లి జిల్లా

జవాబు: మీరు రాసిన మూడు గుర్తులు, అంటే తొలకరి, సాయంత్రం దాకా బాగా మేయడం, ఒక్కసారిగా చావడం, చిటుక రోగాన్ని చూపిస్తున్నాయి. ఎండాకాలమంతా ఎండుగడ్డి తిన్న గొర్రె తొలకరి తర్వాత మొలిచిన లేతగడ్డి మీద ఎగబడి మేస్తుంది. పేగుల్లో ముందే ఉన్న ఒక సూక్ష్మజీవికి ఆ మేత దొరికి విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. అందుకే మందలో బక్కవి బతికి, బాగా మేసిన బలమైన గొర్రెలు, గొర్రెపిల్లలు చచ్చిపోతాయి. ఎగిరి పడటం, కాళ్లు కొట్టుకోవడం, మెడ వెనక్కి విరవడం, కొన్ని గంటల్లో చావు. చిటికేసినంతలో చస్తుంది కాబట్టే ఆ పేరు. చూపు తగిలితే బలిసినవే ఏరి చంపదు కదా. మీ మందలో ఏవి పోయాయో గుర్తు చేసుకోండి.

వానకు తడిసి మళ్లీ ఎండకు వాడిన జొన్న పిలకలు మేసినా ఇట్లాగే నిమిషాల్లో చస్తాయి, ఆ చిగుళ్లలో సైనైడ్ విషం ఉంటుంది. ఏదో తేల్చడానికి చచ్చిన గొర్రెను కొన్ని గంటల్లోపే పశువైద్యుడికి చూపించి పోస్టుమార్టం చేయించాలి. మరునాటికి కుళ్లిపోయి ఏమీ తేలదు. ఆయన రాసిచ్చే కాగితం మీ కులపోళ్ల ముందు పెట్టడానికి పనికొస్తుంది. సంచార పశువైద్యశాల నంబరు 1962. ఒక్క జాగ్రత్త మాత్రం మరవొద్దు. ముక్కు, నోరు, వెనక నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే అది అంత్రాక్స్ కావొచ్చు. కోయొద్దు, తోలు తీయొద్దు, పిల్లలను దగ్గరికి రానివ్వద్దు. డాక్టరు వచ్చేదాకా ముట్టుకోకుండా ఉంచి, ఆయన చెప్పినట్టు లోతైన గుంతలో సున్నం చల్లి పూడ్చాలి.

మిగిలిన మందకు ఇప్పుడే టీకా వేయించండి. మొదటిసారైతే రెండు మూడు వారాలకు మళ్లీ వేయాలి. ఆ తర్వాత ఏటా మే నెలలో, వానలకు ముందే. టీకా పని చేయడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి ఈలోగా పొద్దున ఎండుమేత వేసి కడుపు సగం నిండాక బయటికి తోలండి, లేతగడ్డి మీద రెండు గంటలకు మించి వదలొద్దు.

ఊరు విడిపించే మాటకొస్తే, ఆ కూర్చోవడమే నేరానికి మొదలు. మంత్రాలు చేస్తారన్న అనుమానంతో ముసలివాళ్లను కట్టేసి కొట్టడం, మంత్రం పలకకుండా పళ్లూడగొట్టడం, చంపడం తెలంగాణ పల్లెల్లో జరిగాయి. చాలాసార్లు అంతకు ముందు ఇలాంటి ఒక కూర్చోవడం ఉంది. బెదిరిస్తే, కొడితే, కట్టేస్తే ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత కింద కేసులవుతాయి, ఎవరు కొట్టారని కాకుండా ఎవరెవరు గుంపులో ఉన్నారని చూస్తారు. ఆమె ఎస్సీ, ఎస్టీ అయితే, మంత్రగత్తె అనే నెపంతో ఆ కులాలు కానివాళ్లు ఆమెను హింసిస్తే ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టంలోనే అది విడిగా నేరం, 2015 సవరణతో చేర్చారు. కూర్చునే రోజుకు ముందే 112కి ఫోన్ చేసి పోలీసులకు చెప్పండి. గొర్రెలు పోయినవాడివి నువ్వే. "నాకు అనుమానం లేదు, డాక్టరు చిటుక రోగమన్నడు" అని పదిమందిలో నువ్వు నిలబడి చెబితే ఇంకెవరికీ మాట్లాడటానికి ఏమీ మిగలదు. నీ పిల్లల ఏడుపు కూడా అక్కడే ఆగుతుంది. పాలు తీసుకుపోయినందుకే గొర్రెలు చచ్చాయని వాళ్లు లోపల అనుకుంటూ ఉంటారు. అట్లా కాదని వాళ్లకు వేరుగా కూర్చోబెట్టి చెప్పు.

ప్రశ్న: మా ఊరి బయట ఉండే ఆయనకు చేతివేళ్లు వంకర, కొన్ని సగమే ఉన్నయి. కుష్టు అంటరు. పిల్లలు ఆయనతోని పచ్చీసు ఆడుతున్నరు. అంటుకుంటదా?
– నిజామాబాద్ జిల్లా

జవాబు: వేళ్ల వంకర జబ్బు కాదు, జబ్బు చేసిన చెరుపుకు గుర్తు. నరాలు దెబ్బతిని వేళ్లు ముడుచుకుంటాయి, స్పర్శ పోయి కాలినా తెగినా తెలియక పుండ్లు పడి కొసలు అరిగిపోతాయి. మందు తిని క్రిమి చచ్చినా ఆ వేళ్లు మళ్లీ రావు. ఆయన మందులు పూర్తిగా వాడినవాడైతే ఆయన నుంచి ఎవరికీ అంటదు. వాడనివాళ్ల నుంచి కూడా ముట్టుకుంటే అంటేది కాదు, చాలాకాలం దగ్గరగా మెలిగితే తుమ్ము, దగ్గు తుంపర్ల ద్వారా వస్తుంది. మందు మొదలుపెట్టిన కొద్దికాలానికే అంటించే గుణం పోతుంది. తక్కువ మచ్చలుంటే 6 నెలలు, ఎక్కువుంటే 12 నెలలు, ప్రతి సర్కారు దవాఖానలో ఉచితం.

కాబట్టి ముందు తెలుసుకోవాల్సింది ఆయన మందు వాడాడా లేదా అన్నదే. ఆశా కార్యకర్తను వెంట తీసుకుపోయి అడగండి. వాడకపోతే మొదలుపెట్టించి, ఆడే పిల్లలను కూడా ఒకసారి డాక్టరుకు చూపించండి. ఒంటి మీద పాలిపోయిన మచ్చ, దాని మీద దూదిపోగుతో తాకితే తెలియకపోవడం, ఇదే మొదటి గుర్తు. మీ జిల్లాలోనే డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో కుష్టు దవాఖాన పెట్టింది. అప్పుడు ఈ జబ్బుకు సరైన మందే లేదు. ఇప్పుడు మందు ఊళ్లోకే వస్తున్నా పచ్చీసు పలకకు పిల్లలను దూరం చేయడం న్యాయం కాదు.

పిల్లలు ఆయనకు చేయగలిగిన మేలు ఒకటుంది. వేడిగిన్నె దించడానికి మందపాటి గుడ్డలు రెండు, కట్టె పిడి ఉన్న గరిటె తెచ్చివ్వండి. స్పర్శ లేని చేతికి గిన్నె కాలుతున్నది తెలియదు, తోలు ఊడితేనే తెలుస్తుంది. ఆయన రోజూ కాళ్లు చేతులు మామూలు నీళ్లలో 20 నిమిషాలు నాననిచ్చి, గట్టిపడ్డ తోలును గరుకురాయితో మెల్లగా రుద్ది, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయాలి. నీళ్లు వేడిగా ఉన్నాయా లేదా ఆయన చేతితో చూడొద్దు, మోచేతితో చూడాలి. అరికాళ్లలో ముల్లు దిగినా తెలియదు కనుక రోజూ చూసుకోవాలి. మెత్తటి అట్ట ఉన్న ఎంసీఆర్ చెప్పులు సర్కారు ఉచితంగా ఇస్తుంది. పుండ్లకు కట్టుకట్టే పని మాత్రం నర్సుది, పిల్లలది కాదు.

ప్రశ్న: సర్కారు బడిలో సైన్సు చెబుతాను. ఈ మంత్రాల భయం మీద ఒక పాఠం పెట్టాలని ఉంది. – జనగామ

జవాబు: ఉపన్యాసం వద్దు సార్, చేసి చూపించండి. దిష్టి తీసే ఎర్రనీళ్లు ప్రతి ఇంట్లో తెలుసు. గ్లాసు నీళ్లలో చెంచా పసుపు కలిపి, పిల్లలతోనే బఠాణీ గింజంత సున్నం వేయించండి, ఎర్రబడుతుంది. నిమ్మరసం పిండుతూ పోతే మళ్లీ పసుపు రంగుకొస్తుంది. రెండోది, నిమ్మకాయలోంచి "రక్తం". నాలుగైదు ఎర్రమందార రేకులను స్టీలు కత్తికి రెండు వైపులా రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. తడిమీదే కోస్తే రంగు ముందే కనబడి గుట్టు తెలిసిపోతుంది. ఆరిన కత్తితో కోస్తే పులుపు తగిలి ఎర్రగా కారుతుంది. ముందు చేసి చూపించి, ఎట్లా జరిగిందో పిల్లలే చెప్పేదాకా ఆగండి. నిప్పుతో చేసేవి బడిలో వద్దు.

ఊరి బయటి మనిషిని బడికి పిలిచి నిలబెట్టి "ఈయనకు మంత్రాలు రావు" అనిపించకండి. అంతకన్నా అవమానం లేదు.

ప్రశ్న: ఆయన ఒక్కడే మాట్లాడుకుంటడు, నవ్వుకుంటడు. పిల్లలను పంపొచ్చా? – ములుగు

జవాబు: ఒంటరిగా ఉండేవాళ్లు తమతో తాము మాట్లాడుకోవడం ఒక్కటే జబ్బు కాదు. నిద్రలేకుండా తిరగడం, ఎవరో చంపడానికొస్తున్నారనడం, స్నానం, తిండి మానేయడం, రాళ్లు పట్టుకోవడం ఉంటే వైద్యం కావాలి. అప్పటిదాకా పిల్లలను పంపొద్దు. మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది. పోలీసులు అలాంటి మనిషిని కాపాడి వైద్యానికి పంపాలని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. గొలుసులు వేయడం నేరం.

ప్రశ్న: పిల్లలు వచ్చి అవ్వకు రేషన్ లేదు, పింఛను లేదు అని చెప్పిన్రు. మేము యువజన సంఘం పిల్లలం. ఎక్కడ మొదలుపెట్టాలె? – మహబూబాబాద్ జిల్లా

జవాబు: అవ్వను అడగడంతో. కావాలంటేనే ముందుకు పోండి. చాలామందికి కాగితాలంటే ఇల్లో, గుడిసె జాగో పోతుందేమోనని భయం.

మొదటి చిక్కు ఆధార్. పని చేసి అరిగిన వేళ్లకు ముద్రలు పడవు. మీసేవలో ఒకటి రెండుసార్లు పెట్టించి "పడతలేదు" అని పంపేస్తారు, అవ్వ ఇక రానంటుంది. ఆధార్ కేంద్రానికే తీసుకుపోయి కంటిపాప నమోదు చేయమని అడగండి. వేళ్లు, కండ్లు రెండూ పనిచేయకపోయినా నమోదు చేసే పద్ధతి వాళ్లకుంది. తర్వాత పోస్టాఫీసు ఖాతా, అటుపైన పంచాయతీ కార్యదర్శి ద్వారా పింఛను దరఖాస్తు. ఇచ్చినట్టు తేదీ వేసిన కాగితం తీసుకోకుండా రావొద్దు, ఎక్కువ దరఖాస్తులు ఆగేది అక్కడే. 57 ఏళ్లు దాటితే వృద్ధాప్య పింఛనుకు అర్హత. 2019లో దాన్ని 2016 రూపాయలకు పెంచారు. అంత్యోదయ కార్డు దొరికితే నెలకు 35 కిలోల బియ్యం.

కొడుకులుండి వదిలేసినవాళ్లయితే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవోకు అర్జీ పెట్టొచ్చు. నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించే అధికారం ఉంది. ఏది ఎక్కడ ఆగినా వృద్ధుల సహాయ నంబరు 14567, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. సంతకాలకు, సాక్ష్యాలకు పిల్లలను వాడొద్దు. వాళ్లు చెప్పాల్సింది చెప్పారు, ఇక పెద్దల పని.

ప్రశ్న: మా పిల్లలు రెండేండ్లు దోస్తీ చేసిన తాత పోయిన వారం చనిపోయిండు. సర్పంచి, మేము నలుగురం కలిసి మట్టి చేసినం. పిల్లలను రానియ్యలె. ఇప్పుడు వాళ్లు అన్నం తింటలేరు. ఆయన కుక్క గుడిసె కాడనే పడుకుంటున్నది.
– ఒక తండ్రి, ములుగు జిల్లా

జవాబు: రానివ్వకపోవడమే వాళ్లను ఎక్కువ బాధ పెడుతోంది. ఇప్పుడైనా వైకుంఠధామానికి తీసుకుపోయి ఎక్కడ మట్టి చేశారో చూపించండి. "నిద్రపోయిండు", "దేవుని కాడికి పోయిండు" అనకండి. చిన్నపిల్లలు నిద్రకు భయపడతారు. చనిపోయాడు, శ్వాస ఆగింది, ఇక రాడు, నొప్పి లేదు, ఇట్లా సూటిగా చెప్పండి. తాము ఏదో చేసినందుకే చనిపోయాడా అని లోపల అనుకుంటారు, ఏడెనిమిదేళ్లవాళ్లయితే మరీ. అడగకపోయినా "మీ వల్ల కాదు" అని చెప్పండి. ఏ జబ్బుతో పోయాడో తెలిస్తే ఆ పేరు కూడా చెప్పండి. పదకొండో రోజున తాతకు ఇష్టమైనది పెట్టి రావాలని వాళ్లకు ఉంటే వెంట పోండి. రెండు మూడు వారాలు దాటినా తిండి, నిద్ర కుదరకపోతే డాక్టరుకు చూపించండి. మరణ నమోదు 21 రోజుల్లోపు పంచాయతీలో ఉచితం, అది మీరు చేయించండి.

కుక్కను తాడు కట్టి లాక్కొస్తే మూడు రోజుల్లో తిరిగి గుడిసెకే పోతుంది. గిన్నె అక్కడే పెట్టి, రోజూ ఒకే వేళకు, తాత పెట్టిన వేళకే అన్నం పెట్టించండి. వారం తర్వాత గిన్నెను రోజుకు పాతిక అడుగులు మీ ఇంటివైపు జరపండి. ఇల్లు చేరాక పశువుల దవాఖానలో రేబీస్ టీకా వేయించండి, ఏడాదికోసారి మళ్లీ. తాత దాన్ని ఏ పేరుతో పిలిచాడో మీ పిల్లలకు తెలుసు. ఆ పేరు మార్చకండి.